ఉట్టిలో ఊటమ్మ

"అమ్మా, నా తోక జారిపోతోంది," అంది సంపెంగ.

కోట వాకిలి కూతవేటు దూరంలో ఉంది. బురుజు మీది కావలివాళ్ళు ఇటే చూస్తున్నారు. నాగసిరి గబగబా కూతురి ముందు గొంతుకూర్చుని, జనపనారతో పేనిన కోతితోకను పిల్ల నడుముకు బిగించి ముడివేసింది. పొద్దున బుగ్గలకు పూసిన జేగురురంగు అప్పుడే సగం చెరిగిపోయింది. నోటి చుట్టూ అయితే బొత్తిగా లేదు.

"నోట్లోంచి వేలు తియ్యవే తల్లీ! కోతులు వేలు చీకవు."

"పిల్లకోతులు చీకుతాయి."

"చీకుతాయిలే అక్కా, దాని మానాన దాన్నొదిలెయ్," అన్నాడు సింగడు. "నువ్వు ముందు ఆ తాళాలు సరిగ్గా పట్టుకో. అలా పట్టుకుంటే ఎవడైనా వేషగత్తె అనుకుంటాడా?"

సింగడు నాగసిరికి తమ్ముడు. ఊరూరా పగటివేషాలు కట్టి పొట్టపోసుకునేవాడు. ఆ పూట అతను కట్టింది సగం మగ, సగం ఆడ వేషం. కుడివైపు నుంచి చూస్తే కోరమీసం, తలపాగా, దట్టీలో చెక్కకత్తి. ఎడమవైపు నుంచి చూస్తే జడకుప్పెలు, ముక్కెర, జరీచీర కుచ్చెళ్ళు, మోచేతి దాకా గాజులు. ఇటు తిరిగితే మీసం దువ్వేవాడు, అటు తిరిగితే సిగ్గుతో తల వంచేది.

ఎదురుగా, కొండను తొలిచి కట్టిన ఆ కోట మిట్టమధ్యాహ్నపు ఎండలో కాల్చిన ఇనుములా ఎర్రగా మెరుస్తోంది. వాకిలికి ఏనుగుదంతాల తోరణం. గోడల నిండా రాతినెమళ్ళు, వాటి కళ్ళకు పొదిగిన పచ్చలు. ఎండ కదిలినప్పుడల్లా ఆ పచ్చకళ్ళన్నీ ఒక్కసారిగా రెప్పవేసినట్టు మిణుకుమంటున్నాయి. కోట వెనుక, లోతుగా, ముత్తేరు. నిన్నమొన్నటి వరకు ముత్యాల రంగు నురగతో పరుగులు తీసిన ఏరు ఇప్పుడు ఇసుక. పడవలు ఒరిగిపోయి ఉన్నాయి. ఆవలి ఒడ్డున మాత్రం పరాయి రాజ్యపు చెరుకుతోటలు పచ్చగా ఊగుతున్నాయి. ఇవతలి గట్టు పొడవునా నిట్టనిలువు కొండే. ఏటిలోకి దిగే మెట్లు ఆ కోటలోంచే ఉన్నాయి. ఆ కోట ఎవరో సామంతుడిదని దారిలో ఎవరో చెబితే, అదే నిజమని నమ్మింది నాగసిరి.

ఆమె అంత దూరం పరుగెత్తి రావడానికి కారణం చెప్పుకోవాలి.

ఊటగిరి రాజ్యానికి ఊటమ్మే ఇలవేలుపు. బావుల్లో నీరు, ఏళ్ళలో ప్రవాహం ఆ తల్లి చలవే. గర్భగుడిలోని చందనపు విగ్రహానికి రంగులు వెలిసినప్పుడల్లా కొత్తగా దిద్దుతారు. ఆ పని జరిగినంతకాలం అమ్మ విగ్రహంలో ఉండదు. పూజారులు ఆమెను మంత్రాలతో ఒక నీటికుండలోకి దించి, గుడి వెనుక పందిట్లో ఉట్టికి వేలాడదీస్తారు. ఆ రోజుల్లో ఊటమ్మ తల్లి కాదు, పసిబిడ్డ. పాలే నైవేద్యం. జోలే మంత్రం. ఉట్టే ఉయ్యాల. పసిబిడ్డకు కన్ను తగులుతుందని, అచ్చం ఆ కుండలాంటివే మరెన్నో కుండలు నీళ్ళతో నింపి, పెద్ద పూజారి కళ్ళకు గంత కట్టుకుని అన్నిటినీ కలిపేస్తాడు. అమ్మ ఏ కుండలో ఉందో ఊపేవాళ్ళకు కూడా తెలియదు. రంగులు ఆరాక అన్ని కుండల నీళ్ళూ విగ్రహం మీద కుమ్మరిస్తే, అమ్మ తన ఇంటికి తాను చేరుకుంటుంది.

ఈసారి కుమ్మరించినవి వట్టి నీళ్ళు. తామ్రజటుడనే మాంత్రికుడు చిత్రకారుడి వేషంలో గుడిలో చేరి, పందిట్లోని కుండలన్నీ అపహరించి, వాటి స్థానంలో వేరే కుండలు వేలాడదీసి మాయమయ్యాడు. ఆ సంగతి పూజారులకు తెలియలేదు. మహారాజుకు తెలియలేదు. రాజ్యమంతా విగ్రహం ముందు సాగిలపడి ఉండగా, తల్లి చంకలోని సంపెంగ ఒక్కతే నోట్లోంచి వేలు తీసి, "ఊటమ్మ ఇంకా రాలేదుగా! అందరూ ఎవరికి మొక్కుతున్నారు?" అని అడిగింది.

పక్కగదిలో మనిషి మెసులుతున్నట్టు మనకెలా తెలుస్తుందో, దైవం ఉన్నచోటు ఆ పిల్లకు అలా తెలుస్తుంది. దారిపక్క పగిలిన పెంకు ముందు ఆగి దండం పెట్టేది. బంగారు విగ్రహం ముందు నిలబడి ఆవలించేది. మొదట జనం తిట్టారు. అపచారమన్నారు. ఊటలెండిపోవడం మొదలయ్యాక వాళ్ళే వచ్చి వాకిట్లో బారులు తీరారు. ఒకరు పిల్ల పాదాలు కడిగి ఆ నీళ్ళు తాగారు. ఒకరు పరికిణీ అంచు చింపి పట్టుకుపోయారు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో మూలుగుతున్న పిల్లను లేపి కూర్చోబెట్టి, "మా ఇంటి దేవుడు ఉన్నాడా పోయాడా, ఒక్కమాట చెప్పమ్మా," అని బతిమాలారు. చివరికి మహారాజు పల్లకీ పంపాడు. ఊటమ్మ దొరికేవరకు పిల్ల కోటలోనే, బంగారు పీట మీద ఉండాలట.

తండ్రి లేని పిల్ల. నాగసిరికి ఉన్నది అదొక్కతే. పల్లకీ ముందు వాకిట్లో దిగుతుంటే ఆమె పెరటి దారిన బయటపడింది. దండనాయకుడు వీరమల్లు గుర్రాలు అప్పటినుంచీ వెంట పడుతూనే ఉన్నాయి. నాగసిరికి రాజ్యం సంగతి పట్టదు. ఊటమ్మ సంగతీ పట్టదు. తలుచుకుంటే కళ్ళు పోతాయేమోనని భయమే కానీ, ఉన్నమాట అది. తన పిల్ల కడుపునిండా తిని, మట్టిలో ఆడుకుని, పిలిచేవాళ్ళు లేకుండా నిద్రపోవాలి. ఏరు దాటితే చాలు. అక్కడ ఈ పిల్ల ఎవరో ఎవరికీ తెలియదు.

"ఆగండి! ఎవరు మీరు?" కావలివాడు ఈటె అడ్డంపెట్టాడు.

సింగడు కుడివైపు తిరిగి మీసం మెలేశాడు. "పగటివేషాలోళ్ళం దొరా! ఏరు దాటిపోతున్నాం. నేను సింగినాయుణ్ణి. ఇది నా పెళ్ళాం."

"ఏదిరా పెళ్ళాం?"

గిరుక్కున ఎడమవైపు తిరిగాడు. గొంతు సన్నబడింది. "ఇక్కడే చచ్చాను దొరా! పెళ్ళైన కాణ్ణుంచీ పక్కనే ఉన్నా. ఒక్కనాడన్నా నా మొహం చూశాడేమో మీరే అడగండి."

"చూడాలంటే నువ్వు ఇటు తిరగాలి కదే!" అంది మీసంవైపు.

"నేను తిరిగితే నువ్వూ తిరుగుతావు గదయ్యా! ఏం చెయ్యను నా ఖర్మ!"

కావలివాళ్ళు ఘొల్లుమన్నారు. బురుజు మీదివాళ్ళు కూడా కిందికి దిగివచ్చారు. నాగసిరి తాళాలు మోగించింది, సంపెంగ తోక ఊపుతూ ఒక చుట్టు తిరిగింది.

"మరి ఆ కోతి ఎవరే?" అన్నాడొకడు కళ్ళు తుడుచుకుంటూ.

"మా సంతానమే దొరా! అంతా వాళ్ళ అమ్మ పోలిక."

"పోలికంట పోలిక! అద్దంలో నీ కుడివైపు చూసుకో, తెలుస్తుంది."

"చాలు చాలు, పొట్ట చెక్కలవుతోంది. పోండి లోపలికి," అన్నాడు కావలివాడు. "వాకిట్లో అమ్మవారికి దండం పెట్టి మరీ పోండి."

వాకిలి లోపల నిలువెత్తు బంగారు విగ్రహం. మెడలో పగడాల పేర్లు, కిరీటంలో కెంపులు, చుట్టూ సాంబ్రాణి పొగ. సింగడు కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి దండం పెట్టాడు. నాగసిరి మోకరిల్లింది. సంపెంగ మాత్రం విగ్రహం వెనక్కి తొంగి చూసింది, తలుపు తీసి ఉన్న ఇంట్లో మనుషులెవరూ కనపడనప్పుడు చూసినట్టుగా.

"చేతులు జోడించమ్మా," అంది నాగసిరి పళ్ళ బిగువున. దారి పొడవునా ఆ ఒక్క మాటే నేర్పుతూ వచ్చింది.

"లేనివాళ్ళకు దండం పెడితే ఉన్నవాళ్ళు నవ్వుతారమ్మా," అంది పిల్ల. కొండ లోపలికి వేలు చూపించింది. "ఊటమ్మ అక్కడుంది. ఇక్కడ లేదు."

కావలివాళ్ళ నవ్వు ఆగిపోయింది.

ఆ విగ్రహం పూజకు పెట్టింది కాదు, వలగా పెట్టింది. ఎవరు దాని ముందు తల వంచకుండా నిలబడతారో ఆ పిల్ల కోసమే అది అక్కడ కాచుకుని ఉంది. ఫెళ్ళున శబ్దం చేస్తూ వెనుక వాకిలి మూసుకుంది. రాతినెమళ్ళు మెడలు తిప్పి ఒక్కపెట్టున కూశాయి. చీకటి సొరంగంలోంచి ఏదో బుసకొట్టుకుంటూ వచ్చింది. పామనుకుని నాగసిరి కూతుర్ని ఎత్తుకుంది. పాము కాదు, జట! రాగితీగలా ఎర్రగా, మనిషి తొడంత లావున ఉన్న జట. అది ముగ్గుర్నీ ఒక్క చుట్టు చుట్టి, ఎండుకట్టెల మోపును లాక్కుపోయినట్టు సొరంగంలోకి లాక్కుపోయింది.

రాళ్ళు ఒళ్ళంతా గీరుకుపోతున్నా నాగసిరి పిల్ల తలను గుండెకదుముకుని చెవిలో గుసగుసలాడింది. "చూడమ్మా, వాడు కుండలు చూపిస్తాడు. ఊటమ్మ ఉందా అని అడుగుతాడు. ఏది చూపించినా లేదనే చెప్పు."

"ఉన్నా కూడానా?"

"ఉన్నా కూడా."

"అబద్ధమాడితే పాపమన్నావుగా?"

"ఈ ఒక్కసారికి ఆ పాపం నాకు. నీకేం అంటదు. చెబుతావు కదూ?"

పిల్ల ఆలోచించి తలూపింది.

సొరంగం ఒక పెద్ద మందిరంలోకి తెరుచుకుంది. జట ముగ్గుర్నీ అక్కడ వదిలేసింది. ఆ మందిరం చూసి సింగడంతటివాడు నోరు తెరిచాడు. గోడలు నల్లని అభ్రకం. ఒక పక్క ఏటి మీదికి తెరిచి ఉన్న గవాక్షం, ఏనుగు పట్టేంత వెడల్పు. దాని పక్కనే హోమాలకు వాడే రాగి గంగాళం. కప్పు నుంచి లెక్కలేనన్ని ఉట్లు వేలాడుతున్నాయి. ప్రతి ఉట్టిలోనూ ఒకే తీరు కుండ, ఒకే తీరు మూత, ఒకే తీరు పసుపుదారం. ఇద్దరు బట్టతల శిష్యులు ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు నిలబడి తాళ్ళు లాగుతుంటే, ఆ ఉట్లన్నీ ఒకే లయలో ఊగుతున్నాయి. అడవిలో గాలి వీచినట్టు మెల్లగా చప్పుడు.

పులితోలు మీంచి తామ్రజటుడు లేచాడు. వాడి తల నుంచి దిగిన జటలు నేలంతా పాకుతున్నాయి. ఎడమచెయ్యి మోచేతి కింద ఎండుకట్టె, దాని మీద చీమలు తిరుగుతున్నాయి.

"ఒసేయ్ నాగసిరీ! నీ కోసం వాగులూ వంకలూ గాలించాను. నీవే నా ముంగిటికి వచ్చావు," అన్నాడు. "చూడు ఈ చెయ్యి! తప్పుడు కుండ మీద కట్టుమంత్రం చదివినందుకు తిరగబడి నా చేతినే కబళించింది. ఆ గోడ మీది తొండను చూశావా? మొన్నటి దాకా నా శిష్యుడు. రెండో తప్పుడు కుండ వాడు చదివాడు."

గోడ మీది తొండ దీనంగా తలాడించింది.

"నిద్రించే ఊటమ్మను ఒక్కసారి కట్టానా, భూమి మీది నీళ్ళన్నీ నా మాట వింటాయి. దాహం వేసిన ప్రతి రాజూ వచ్చి నా కాళ్ళు పట్టుకుంటాడు. పాపా, ఇలా రా. ఆమె ఏ కుండలో ఉందో చెప్పు. నీకు బెల్లపుముద్ద ఇస్తాను."

"అమ్మ తినమంటేనే తింటాను," అంది సంపెంగ.

"నీ తాతను తగలెయ్య! పసిపిల్లకు బెల్లం చూపిస్తావురా!" సింగడు చెక్కకత్తి దూసి ఎగిరి దూకాడు. తామ్రజటుడు ఇంత భస్మం తీసి, "ఈ పురుషుడు శిల అగుగాక!" అని విసిరాడు. అలవాటు కొద్దీ సింగడు గిరుక్కున ఆడవైపు తిరిగాడు. మంత్రానికి పురుషుడు సగమే దొరికాడు. మీసం, తలపాగా, కుడికాలు, కుడిచెయ్యి రాయైపోయి, మిగతా సగం చీర కుచ్చెళ్ళతో కిందపడి గాజులు గలగలలాడించింది.

"అక్కా! నా మొగుడు రాయైపోయాడే!" అన్నాడు సింగడు నోటి ఎడమ కొస నుంచి. అంత ఆపదలోనూ వాడి నోరు ఊరుకోలేదు.

జట ఒకటి నాగసిరి మెడకు చుట్టుకుంది. ఇంకొకటి సంపెంగను ఎత్తి మొదటి ఉట్టి ముందు నిలబెట్టింది.

"చెప్పు పాపా. అబద్ధమాడితే మీ అమ్మ మెడ బిగుస్తుంది. ఉందా?"

"లేదు," అంది పిల్ల గట్టిగా.

"ఇందులో?"

"లేదు."

"ఇందులో?"

"లేదు. ఇందులో కప్పపిల్ల ఉంది."

ఒక్కో ఉట్టి దాటుతోంది. పిల్ల గంటకొట్టినట్టు లేదు లేదంటోంది. తామ్రజటుడి నొసలు ముడిపడుతోంది. ఊపిరాడని నాగసిరికి కూడా మనసులో ఎక్కడో చిన్న ఆశ మొలిచింది. ఇంకొన్ని ఉట్లు దాటితే చాలు. పిల్లకు ఏమీ తెలియదని విసిగి వదిలేస్తాడేమో.

మందిరం మధ్యనున్న ఒక ఉట్టి దగ్గర సంపెంగ ఆగింది. కుండ ఊగుతోంది, పిల్ల కళ్ళు దాని వెంట ఊగాయి.

"ఇందులో?"

"లేదు," అంది పిల్ల.

అన్నది కానీ, గొంతు తగ్గించి అంది. దాదాపు గుసగుసగా. అంటూ ఒకడుగు వెనక్కి, మునివేళ్ళ మీద వేసింది.

నాగసిరికి తెలిసిపోయింది. బిడ్డ నిద్రపోతున్నచోట గొంతు తగ్గించాలి, అడుగు మెల్లగా వెయ్యాలి అని పిల్లకు ఉగ్గుపాలతో నేర్పింది తనే. పొరుగింటి బాలింతను చూడబోయినప్పుడల్లా గుమ్మంలోనే వేలు పెదవి మీద పెట్టి మరీ చెప్పింది. అబద్ధం నేర్పడానికి సొరంగమంత దారి దొరికింది. ఈ మర్యాదను మరిపించాలని మాత్రం తోచలేదు.

తామ్రజటుడు నవ్వలేదు. ఆ ఉట్టి దగ్గరికి వచ్చి, పిల్ల లాగే గొంతు తగ్గించి అన్నాడు. "ఓహో. నిద్రపోతోందా?"

సంపెంగ తల్లి వైపు చూసి బావురుమంది. "అమ్మా, నేను లేదనే చెప్పాను! లేదనే చెప్పానమ్మా!"

"చెప్పావు తల్లీ, నువ్వు సరిగ్గానే చెప్పావు. తప్పు నాదే," అంది నాగసిరి. మెడకు చుట్టుకున్న జట సడలింది. వాడికిక ఆమెతో పనిలేదు.

"ఊపు ఆపకండిరా!" అని శిష్యులను హెచ్చరించి తామ్రజటుడు కుండ ముందు పద్మాసనం వేశాడు. "కట్టు ముగిసేదాకా నిద్ర చెదరకూడదు." కళ్ళు మూసి మంత్రం అందుకున్నాడు. ఒక్కో మాటకూ పసుపుదారం రాగిరంగు తిరగసాగింది. ముత్తేటి ఆవల చెరుకుతోటలు కూడా తలలు వేలాడేశాయి. సంపెంగ చెవులు మూసుకుంది. "అమ్మా, ఊటమ్మ కలలో ఉలిక్కిపడుతోంది. ఊపిరాడటం లేదట!"

నాగసిరికి ఆ క్షణంలో గవాక్షం కనబడింది. పక్కనే మెట్లు. కిందికి దిగితే ఏటి ఇసుక, ఆ ఇసుక దాటితే తను ఇన్నాళ్ళూ కలవరించిన ఒడ్డు. వాడి కళ్ళు మూసుకుని ఉన్నాయి. పిల్లను చంకనేసుకుని పరుగెడితే అడ్డే లేదు. ఆమె సంపెంగను ఎత్తుకుని రెండడుగులు వేసింది కూడా.

"ఏడవటానికి కూడా రావటం లేదమ్మా దానికి," అంది పిల్ల భుజం మీంచి వెనక్కి చూస్తూ.

నాగసిరి కాళ్ళు ఆగిపోయాయి. ఊపిరాడక, ఏడవటానికి కూడా రాక నీలంగా మారిన బిడ్డను ఆమె ఎరుగును. సంపెంగ పుట్టినప్పుడు అలాగే పుట్టింది. మంత్రసాని తలకిందులు చేసి, వీపు మీద చరిచి, బిడ్డ కేరుమనేదాకా నాగసిరి తన ఊపిరి బిగబట్టుకునే ఉంది. ఏడుపు వింటే ప్రాణం లేచివచ్చిన రోజు అదొక్కటే.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్ళి, పిల్లను కిందికి దించి, ఊగుతున్న ఉట్టిని రెండు చేతులా పట్టుకుని ఆపేసింది.

తామ్రజటుడు కళ్ళు తెరిచాడు. నోట మంత్రం నడుస్తోంది, తెగితే తనకే చేటు. తిట్టలేడు, అరవలేడు. కనుగుడ్లు ఉరుముతూ శిష్యులకు సైగ చేశాడు. ఒకడు పరుగెత్తుకొస్తుంటే, కిందపడి ఉన్న సింగడు రాతికాలు అడ్డం పెట్టాడు. వాడు తూలి రెండోవాడి మీద పడ్డాడు. "ఏం నాయనా, ఆడకూతురు పడుకున్నచోట చూసుకుని నడవొద్దా?" అన్నాడు సింగడు.

ఉట్టి ఆగింది. మందిరంలో ఉయ్యాల చప్పుడు లేని నిశ్శబ్దం. ఎక్కడి గొంతో తెలియదు కానీ, "క్ఁ" మని చిన్న శబ్దం వచ్చింది.

"లే అమ్మా," అంది నాగసిరి కుండను ఒళ్ళోకి తీసుకుని. "లే. ఏడువు. ఎంత కావాలంటే అంత ఏడువు. నేనున్నాను."

కుండ మూత ఎగిరిపోయింది. ఊటమ్మ ఏడ్చింది.

ఆ ఏడుపు విన్నవాళ్ళు ఇప్పటికీ ఆ రాజ్యంలో చెప్పుకుంటారు. ఎండిన బావులన్నీ ఒక్కసారి కేరుమన్నాయట. కుండలోంచి నీళ్ళు పొంగాయి, పొర్లాయి, కాలువ కట్టాయి, ఏరై లేచాయి. అభ్రకపు గోడలు పెళపెళ విరిగాయి. తెగిన మంత్రం తిరగబడి తామ్రజటుడి కట్టెచెయ్యి నుంచి భుజానికి, భుజం నుంచి మెడకు పాకింది. తొండ ఈదుకుంటూ వచ్చి కప్పు దూలం ఎక్కింది. నీళ్ళు తాకిన సింగడు దగ్గుతూ లేచి కూర్చుని, చెక్కకత్తిని దట్టీలో దోపుకున్నాడు.

"అక్కా! మీసం కొట్టుకుపోయింది కానీ కాలొచ్చింది!"

"కాలొస్తే కూర్చుని చస్తావేం! పిల్లను పట్టుకో!"

రాగి గంగాళం నీళ్ళ మీద పుట్టిపడవలా తేలింది. సింగడు సంపెంగను అందులోకి విసిరి, అక్కను లాగి, తాను దూకాడు. వరద ఆ గంగాళాన్ని గిరగిరా తిప్పి, గవాక్షంలోంచి బయటికి ఉమ్మేసింది. కొండ మీంచి జలపాతం, జలపాతంతోపాటు గంగాళం. నాగసిరి ఒక చంకలో కూతుర్ని, ఒక చంకలో కుండను అదిమిపట్టి కళ్ళు మూసుకుంది. ధబ్బున పడ్డారు. కింద ఇసుక లేదు, మెత్తగా పెరుగుతున్న ముత్తేరు ఉంది.

కళ్ళు తెరిచేసరికి కొండ పైనుంచి రాగిజటలు ఒకదాని వెంట ఒకటి ఏటిలోకి దూకుతున్నాయి. తామ్రజటుడు మెడ దాకా కట్టెబారినా, వాడి జటలకు ఇంకా ప్రాణముంది. నీటి పాముల్లా అవి గంగాళం వైపు ఈదసాగాయి. ఇవతలి కొండగట్టు అంచున గుర్రాల సకిలింపు. తెల్లగుర్రం మీద దండనాయకుడు వీరమల్లు!

"నాగసిరీ!" అని కేకపెట్టాడు. "ఆ కుండ అమ్మవారిదేనా? ఇటివ్వు! కుండ దొరికితే పిల్లతో మాకు పనిలేదు. నీ బిడ్డను తీసుకుని ఆవలి ఒడ్డుకు పో. మహారాజు మీద ఆన, నీ జోలికెవరూ రారు!"

తాడు కొసకు కొక్కెం కట్టి ఇద్దరు సైనికులు పైనుంచి గంగాళం మీదికి విసిరారు. కొక్కెం అంచుకు పట్టింది.

"వినబడిందా అక్కా? ఇచ్చెయ్!" అన్నాడు సింగడు. "ఇంతదూరం వచ్చింది దీనికేగా? జటలు దగ్గరికొచ్చేశాయి, తొందరగా తేల్చు!"

నిజమే. ఇంతదూరం వచ్చింది దీనికే. నాగసిరి కుండను ఎత్తింది. లోపలి ఏడుపు అప్పటికి వెక్కిళ్ళలోకి దిగింది. ఎత్తగానే భుజానికి ఆనుకుని మరీ వెక్కింది.

"దండనాయకుడుగారూ, మీ గుర్రం మీద దీన్ని ఎవరు ఊపుతారు?"

"ఏమిటీ?"

"ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది. భయపడి ఉంది. ఎవరెత్తుకుంటారని అడుగుతున్నాను."

వీరమల్లు పక్కవాళ్ళ వైపు చూశాడు. యుద్ధాల్లో ఆరితేరిన ఒకడు ఈటెల సంచీలో పెడదామన్నాడు.

"అమ్మా," అంది సంపెంగ. "చెల్లి నీ వేలు పట్టుకుంది."

నాగసిరి చూసుకుంది. కుండ అంచు మీదున్న తన చూపుడువేలి చుట్టూ నీళ్ళు చల్లగా, చిన్నగా బిగుసుకుని ఉన్నాయి.

ఆమె సింగడి దట్టీలోంచి చెక్కకత్తి లాగి వాడి చేతికిచ్చింది. అంచుకు పట్టిన కొక్కేన్ని కాలితో తన్ని వదిలించింది.

"మహారాజుతో చెప్పండి, గుడికి నేనే తీసుకొస్తాను. బిడ్డ నిద్రపోయి లేచాక. ఎవరో లాక్కుపోతే కాదు, నా చేతుల్లోంచి దిగుతుంది," అని అరిచి, తమ్ముడి వైపు తిరిగింది. "తెడ్డెయ్యి సింగా! ఆ జటలకు అందకుండా నడి ఏట్లోకి తిప్పు."

"ఎటెళ్దామే?"

"ఎటైనా సరే, కుదుపు లేకుండా పోనీ. ఇద్దరు పిల్లలతో ఉన్నదాన్ని."